చల్లని సముద్రంలో సొరచేపతో ఈత

మన అనంతపురం పల్లెల్లో సొర అంటే పందిరికి పాకే తీగ. ఎండిన సొరకాయ బుర్రను నడుముకు కట్టుకొని మోటబావిలో ఈత నేర్చుకున్న పెద్దలు మన సంఘాలలో ఇంకా ఉన్నారు. సముద్రపు సొర మనకు కనబడేది సంతలో ఎండుచేపల గంపలోనే. కోస్తా జిల్లాలవారైతే బాలింతకు పాలు బాగా పడతాయని పాలసొర పులుసు పెడతారు. అంతకు మించి సొరచేప అనగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది 1975లో వచ్చిన ‘జాస్’ సినిమా, ఆ నోరు, ఆ పండ్లు. ఆ సినిమాకు మూలమైన నవల వ్రాసిన పీటర్ బెంచ్లీ తరువాతి కాలంలో సొరచేపలను కాపాడాలని ఊరూరా తిరిగి చెప్పాడన్న సంగతి మాత్రం మనవరకు రాలేదు.

స్కాట్లాండ్ దేశపు పడమటి తీరాన హెబ్రిడీస్ అనే దీవులు ఉన్నాయి. అక్కడ వేసవిలో కొన్ని కుటుంబాలు పిల్లలను వెంటబెట్టుకొని పడవ ఎక్కి, డబ్బు చెల్లించి, ఒళ్లు కొంకర్లు పోయే నీటిలోకి దిగి, పల్లెవెలుగు బస్సంత సొరచేప పక్కన ఈదుతాయి. వినడానికి పిచ్చిగా ఉంటుంది. మన సంఘంలోని ఒక తల్లి కూతురు గ్లాస్గో నగరంలో నర్సుగా పనిచేస్తోంది. ఆమె, భర్త, ఇద్దరు బిడ్డలు ఆగస్టు సెలవుల్లో అలా వెళ్లి వచ్చారు. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చినప్పుడు ఆ సంగతులన్నీ చెప్పారు. ఆ ముచ్చట విన్నాక ఆ చేపను గురించి దొరికినంత చదివాను. ఈ నెల మన కుటుంబాలకు అదే చెబుతున్నాను.

ముందుగా ఆ చేప ఏమిటో చెప్పాలి. దాని పేరు బాస్కింగ్ షార్క్, అనగా ఎండ కాచుకొనే సొర. నీటిపైన మెల్లగా కదులుతూ, వీపు ముల్లు బయటికి పెట్టి, చలికాలం పొద్దున అరుగు మీద కూర్చున్న ముసలాయనలాగా కనబడుతుంది గనుక ఆ పేరు పెట్టారు. నిజానికి అది ఎండ కాచుకోవడం లేదు, అన్నం తింటోంది. ప్రపంచంలోని చేపలన్నిటిలోనూ పరిమాణంలో ఇది రెండవది. సామాన్యంగా 6 నుండి 8 మీటర్లు ఉంటుంది, 10 మీటర్లు దాటినవీ ఉన్నాయి. ఇంత ఒంటికి ఆహారం ఏమిటంటే, నీటిలో తేలాడే బియ్యపు గింజంత పురుగులు. వాటిని జంతుప్లవకాలు అంటారు. ఒక మీటరు వెడల్పు నోరు తెరచుకొని ముందుకు సాగిపోతూ ఉంటుంది. నోట్లోకి వచ్చిన నీరు మెడ చుట్టూ ఉన్న పెద్ద మొప్పల చీలికల గుండా బయటికి పోతుంది. మొప్పల దగ్గర దువ్వెన పండ్లలాంటివి ఉంటాయి. అవి జల్లెడలాగా పురుగులను పట్టి ఉంచుతాయి. 7 మీటర్ల చేప గంటకు 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఇలా వడపోస్తుందని శాస్త్రజ్ఞుల లెక్క. 20 లక్షలని చెప్పిన పాత లెక్కలూ ఉన్నాయి. నేను తక్కువదే తీసుకుంటాను. ఎండాకాలం మన వీధికి వచ్చే ట్యాంకరు 5,000 లీటర్లదనుకుంటే గంటకు 160 ట్యాంకర్లు! ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టి కూర్చునే మనకు ఆ లెక్క ఇంకెవరికన్నా బాగా అర్థమవుతుంది.

సండేస్కూలు పిల్లలకు ఈ చేప బొమ్మ చూపిస్తే, మొదట అడిగే ప్రశ్న యోనా గురించే. యోనాను మింగినది ఏ చేపో లేఖనములో పేరు లేదు. ఈ చేప మాత్రం కాదని చెప్పవచ్చు. నోరు గుహంత ఉన్నా గొంతు ఇరుకు, మనిషి అందులో పట్టడు. పండ్లు వందల కొద్దీ ఉన్నాయి గానీ ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్లే. వాటితో అది దేనినీ కొరకదు.

ఇక ఆ కుటుంబం సంగతి. గ్లాస్గో నుండి ఓబన్ అనే రేవుకు రైలు. అక్కడి నుండి పెద్ద పడవలో కోల్ అనే చిన్న దీవికి రెండున్నర గంటలకు పైగా ప్రయాణం. మొదటి రోజు గాలి ఎక్కువై పడవ కదలలేదు. రెండవ రోజు పొద్దంతా సముద్రం చుట్టి వచ్చారు. సీలు జంతువులు కనబడ్డాయి గానీ సొరచేప ఒక్కటీ కనబడలేదు. ఇచ్చిన డబ్బు తిరిగి రాదు. చేప ఎవరి జీతగాడూ కాదు గదా. మూడవ రోజు మధ్యాహ్నం నీరు అద్దంలాగా నిలిచినప్పుడు నల్లటి ముల్లు ఒకటి, దాని వెనుక తోక కొస ఒకటి కనబడ్డాయి. ఆ రెండూ ఒకే చేపవని నమ్మడానికి కొంతసేపు పట్టిందట.

నీటిలోకి దిగడానికి పద్ధతి ఉంది. పడవ చేప వెంట పడదు. అది పోయే దారికి కొంచెం ముందుగా, పక్కగా పోయి ఇంజను తగ్గిస్తారు. ఈదేవారు కొద్దిమందే, చప్పుడు చేయకుండా జారి, గుంపుగా ఒకచోట తేలుతూ ఉంటారు. చేప తనంతట తానే వస్తే రావాలి. దానికి 4 మీటర్ల ఎడం ఉంచాలి. తాకకూడదు, ఎదురుగా పోకూడదు, తోకకు దూరంగా ఉండాలి. కరుస్తుందని కాదు. కొన్ని టన్నుల బరువున్న చేప బెదిరి తోక విసిరితే ఎముకలు మిగలవు.

తల్లి, 13 ఏళ్ల కొడుకు దిగారు. తండ్రికి ఈత రాదు గనుక కూతురిని పట్టుకొని పడవలోనే కూర్చున్నాడు. నీళ్లు పచ్చగా, మసకగా ఉన్నాయి. అక్కడ పురుగు ఎక్కువ ఉన్నచోటికే ఈ చేప వస్తుంది గనుక నీరు తేటగా ఉండదు. ఆ మసకలో నుండి మొదట తెల్లగా ఒక గుండ్రని ఖాళీ కనబడిందట. అది నోరు. ఆ తరువాత దాని వెనుక చేప.

ఈ మాట చెబుతుండగా అవ్వ ఊరుకోలేదు.

“అంత దూరం పోయి, దుడ్లు కట్టి, సొరచేప నోటికాడికి పోయినారా? బిడ్డను ఎంటబెట్టుకోనా? నీకేమన్నా తిక్కనా మే?”

“దాని పండ్లు బియ్యపు గింజంతే ఉంటాయమ్మా.”

“పండ్లు చిన్నవైతే నోరు చిన్నదా? నువ్వు చెప్పేదే గదా, గుడిసె వాకిలంత ఉందని!”

పిల్లవాడు కలుగజేసుకొని, “అవ్వా, అది మమ్మల్ని పట్టించుకోలేదు. కన్ను ఇంతే ఉంది. ఒకసారి చూసి పక్కకు తిరిగి పోయింది” అన్నాడు. ఆ తిరిగి పోయిన తీరును చెయ్యి చాపి చూపించాడు. అవ్వ వాడి చెయ్యి పట్టుకొని, “సలి పెట్టలేదా నాయనా?” అని అడిగింది.

నా మట్టుకు నాకు అవ్వ అడిగిన ఆ చివరి ప్రశ్నే అసలైన ప్రశ్న అనిపించింది. ఎందుకనగా ఆ యాత్ర నడిపేవారు మొదటి రోజు పొద్దున గంటసేపు చెప్పింది సొరచేపను గురించి కాదు, చలిని గురించేనట.

అక్కడి నీరు ఆగస్టులో కూడా 13, 14 డిగ్రీలే. మన బావినీరు పాతిక డిగ్రీలకు తగ్గదు. గాలిలోకన్నా నీటిలో ఒంటి వేడి సుమారు 25 రెట్లు త్వరగా పోతుంది. 15 డిగ్రీలకన్నా చల్లని నీటిలో ఉన్నట్టుండి పడితే మనిషికి మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి తన చేతిలో ఉండదు. గబుక్కున నోరు తెరచి పీలుస్తాడు. ఆ పీల్పులో తల నీళ్లలో ఉంటే నీరే లోపలికి పోతుంది. గుండె దడదడ కొట్టుకొంటుంది. బాగా ఈత వచ్చినవారు కూడా ఒడ్డుకు పది గజాల దూరంలో మునిగిపోయేది ఇందువల్లనే. అందుకని వెట్‌సూట్ అనే మందపాటి రబ్బరు ఉడుపు తొడుగుతారు. ఆ రబ్బరు నిండా కంటికి కనబడని గాలి బుడగలు ఉంటాయి. అవి చలిని ఆపుతాయి, మనిషిని తేల్చుతాయి కూడా. తలకు, చేతులకు, కాళ్లకు వేరే తొడుగులు. అయినా నీళ్లలో ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. పిల్లవాడి పెదవులు నీలిరంగుకు తిరిగితే పడవలోకి లాగి, ఆరిన దుప్పటి కప్పి, వేడి పాలు ఇస్తారు.

బ్రిటన్ తీరాన 1824 నుండి పనిచేస్తున్న ప్రాణరక్షక పడవల సంఘం ఒకటి ఉంది. అందులో ఎక్కువమంది స్వచ్ఛంద సేవకులే. వారు దేశమంతటా పిల్లలకు నేర్పే పాఠం ఒకటి మన పిల్లలకూ అవసరమే. నీళ్లలో పడితే వెంటనే ఈదబోవద్దు, కేకలు పెట్టి చేతులు కొట్టుకోవద్దు. తల వెనక్కు వాల్చి, చెవులు మునిగేలా వెల్లకిలా తేలాలి. చేతులు మెల్లగా ఆడించాలి. ఊపిరి అదుపులోకి వచ్చాకే పిలవడమో ఈదడమో చేయాలి. సొరకాయ బుర్ర లేకుండానే ఒళ్లు తేలుతుందని తెలియడమే ఆ పాఠం.

ఇది మనకెందుకంటారా? మన జిల్లాలో సగటున ఏడాదికి కురిసే వాన 550 మిల్లీమీటర్లు, అదీ కురిసిన ఏడు. నీరే లేని చోట నీటి గండం ఏమిటని అనుకొంటాము. కానీ వాన నీటిని నిలపడానికి చేలల్లో వేలాదిగా ఫారం పాండ్లు తవ్వుకొన్నాము. వాటితో వేరుశనగకు ఒక తడి దక్కినవారు ఉన్నారు, ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే వాటి గట్లు నిటారుగా ఉంటాయి. లోపల ప్లాస్టిక్ షీటు పరచినవైతే పాచి పట్టి, దిగినవాడికి ఎక్కడానికి పట్టు దొరకదు. వాన పడిన వారానికి ఎర్రనీళ్లు నిండిన గుంటలోకి ఈత రాని పిల్లలు దిగుతారు. ఒకడు జారితే పట్టుకోబోయి రెండవవాడు పోతాడు. అట్టి సమాధి కార్యక్రమాలలో నిలబడినవాడిని గనుక ఈ మాట వ్రాస్తున్నాను. గుంట గట్టున గూటానికి కట్టిన తాడు ఒకటి, పాత లారీ ట్యూబు ఒకటి ఉంటే చాలు. పడినవాడి వెంట దూకకుండా అవి విసరవచ్చు.

2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వారిలో దాదాపు నలుగురిలో ఒకరు 5 ఏళ్ల లోపు బిడ్డ. మన దేశంలో ప్రభుత్వ లెక్కకు ఎక్కినవే ఏటా 30 వేలకు పైన. మరి సొరచేపలు, ఎవరూ రెచ్చగొట్టకుండా, తమంతట తాము మీదపడి చంపేది లోకం మొత్తానికి సగటున ఏడాదికి ఆరుగురిని. ఆ ఆరుగురిని చంపేవి కూడా తెల్లసొర, పులిసొర వంటి వేరే జాతులు. జల్లెడ నోటి సొర కాదు.

భయపడవలసినది నిజానికి అదే, మనల్ని చూసి. దాని కాలేజం ఒంటి బరువులో నాలుగవ వంతుదాకా ఉంటుంది, నిండా నూనె. ఐర్లండ్‌లో ఆకిల్ అనే బీద దీవి ఉంది. రాళ్లు, గాలి తప్ప ఏమీ పండని చోటు, వలసలతో ఖాళీ అయిన ఊళ్లు. 1947 నుండి 1975 వరకు ఆ దీవిలోని మనుషులు గుడ్డకు తారు పూసిన తేలిక పడవలలో పోయి, వలలో చిక్కిన ఈ చేపలను ఈటెలతో పొడిచి చంపారు. మొత్తం 12 వేలకు పైగా. వారిని నిందించడానికి నాకు నోరు రాదు. కరువు సీమలో కడుపు చేత పట్టుకొని బెంగుళూరుకు బస్సెక్కేవారి మధ్య బ్రతుకుతున్నాను. కానీ 12 వేలు పోయాక చేపలు రావడం మానేశాయి, ఆ పనీ పోయింది. కెనడా దేశపు పడమటి తీరాన జరిగినది ఇంకొక రకం. అక్కడ సాల్మన్ చేపల వలలను చింపుతున్నాయని, 1955లో ప్రభుత్వమే ఒక పడవ ముక్కుకు పెద్ద కత్తి బిగించి, నీటిపైన మేస్తున్న ఈ చేపలను రెండుగా కోసింది. వందల సంఖ్యలో చంపారు. ఒకప్పుడు మందలుగా తిరిగిన ఆ తీరంలో ఇప్పుడు ఒక్కటి కనబడితే వార్త.

బ్రిటన్ 1998లో ఈ చేపను చంపడం నేరమని చట్టం చేసింది. 2020 డిసెంబరులో హెబ్రిడీస్ సముద్రంలో ఒక భాగాన్ని దీని కోసం కూడా రక్షిత ప్రాంతం చేశారు. ఐర్లండ్ చట్టం 2022లో వచ్చింది. తాతలు ఈటె పట్టిన సముద్రంలో మనుమలు నీటి కళ్లద్దాలు పెట్టుకొని తేలుతున్నారు.

మన తెలుగు సముద్రానికి ఈ చేప రాదు. దీనికన్నా పెద్దది, చేపలన్నిటిలోనూ పెద్దది వస్తుంది. దాని పేరు వేల్ షార్క్, తిమింగలమంత సొర. ఒంటి నిండా తెల్లని చుక్కలు. అదీ జల్లెడ నోటిదే, దానికీ మనిషితో పని లేదు. అయితే ఇది వెచ్చని నీటిది. గుజరాత్ తీరంలో వెరావల్, మాంగ్రోల్ రేవుల జాలరులు దీని కాలేజపు నూనెను పడవ చెక్కలకు పూసేవారు. తరువాత మాంసం విదేశాలకు ఎగుమతి కావడంతో వేట పెరిగిపోయింది. 2001 మే నెలలో భారత ప్రభుత్వం వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీనిని చేర్చింది. పులికి ఉన్న రక్షణే దీనికీ అన్నమాట.

కానీ చట్టం కాగితం మీద ఉంటుంది, వల జాలరి చేతిలో ఉంటుంది. 2004లో అక్కడ రామకథ చెప్పే మొరారి బాపు జాలరులతో ఒక మాట అన్నారు. ఈ చేప కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డ వంటిది, ఆడబిడ్డను ఎవరైనా చంపుతారా అని. దానికి ‘వ్హాలీ’, అనగా ప్రియమైనది, అని పేరు పెట్టారు. తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తెచ్చుకొనే ఆచారం మనకూ ఉంది గనుక ఆ మాట ఎంత లోతుకు దిగి ఉంటుందో మనం ఊహించగలము. అయితే మాట ఒక్కటే అయి ఉంటే నిలిచేది కాదని నా అభిప్రాయం. చేపను వదలడానికి కోసిన వలకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది. వల అంటే ఒక కుటుంబపు ఏడాది అప్పు. అప్పటి నుండి గుజరాత్ జాలరులు తమ చేతులతో వలలు కోసి వందలాది చేపలను వదిలిపెట్టారు.

మన రాష్ట్రంలోనూ అలా జరిగింది. 2021 డిసెంబరులో విశాఖపట్నానికి దక్షిణాన తంతడి తీరంలో జాలరుల వలలో ఒక వేల్ షార్క్ చిక్కింది. అటవీశాఖవారు, జాలరులు, జంతుప్రేమికులు కలిసి ప్రాణంతో దానిని తిరిగి లోతు నీటిలోకి పంపారు. టన్నుల కొద్దీ బరువున్న దానిని లాగితే మొప్పలు చిరుగుతాయి, ఒడ్డున ఉంచితే తన బరువుకు తానే నలుగుతుంది. దానిని నీటిలోనే ఉంచి అలలతో పాటు మెల్లగా తిప్పుకోవాలి.

మా సంఘపు పిల్లవాడు అవ్వతో ఇంకొక సంగతి కూడా చెప్పాడు. చలికాలంలో బాస్కింగ్ షార్క్ ఎక్కడికి పోతుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదట. సముద్రం అడుగున నిద్రపోతుందని 1950లలో శాస్త్రజ్ఞులు అనుకొన్నారు. ఆ తరువాత చేపకు చిన్న యంత్రాలు తగిలించి చూశారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం, అమెరికా తూర్పు తీరాన గుర్తు పెట్టిన చేపలు కొన్ని భూమధ్యరేఖ దాటి దక్షిణ అమెరికాదాకా పోయాయి. ఉడుకు దేశాల సముద్రం కిందుగా, 200 నుండి 1,000 మీటర్ల లోతున చల్లని చీకటి నీటిలో, వారాల తరబడి పైకి రాకుండా పోయాయి. ఎందుకు పోతాయో, పిల్లలను పెట్టడానికేనా అన్నది ఇంకా తేలలేదు.

కడుపుతో ఉన్న బాస్కింగ్ షార్క్‌ను గురించి వివరంగా వ్రాసిపెట్టినది ఒక్కసారే. 1930లలో నార్వే జాలరులు ఒకదానిని పట్టి పడవ వెనుక లాక్కొస్తుండగా అది ఆరు పిల్లలను ఈనింది. ఒకటి చచ్చి పుట్టింది. మిగిలిన ఐదూ, ఒక్కొక్కటి మనిషంత పొడవున్నవి, పుట్టిన వెంటనే నోళ్లు తెరచుకొని నీటిపైన ఈదుతూ పోయాయట.